థాయ్‌లాండ్‌లో ఇంగ్లిష్ టీచర్‌గా ఐదేళ్ళు నిండుతున్నాయి, దీన్నే జీవితం చేసుకోవచ్చా?

సుద్దముక్క:

అందరికీ నమస్కారం. నా వయసు ముప్పై రెండు. ఇక్కడ ఇంగ్లిష్ టీచర్‌గా చేరి వచ్చే నెలకి ఐదేళ్ళు. ఒక్క ఏడాది చేసి వెళ్ళిపోదామని వచ్చిన మాట నిజం, కానీ పని నచ్చేసింది. మొదటి ఏడాది నా క్లాసులో కిటికీ పక్కన కూర్చునే ఒక పాప ఉండేది, దాదాపు ఏడు నెలలు నోరే విప్పలేదు, ఏమడిగినా తల వంచుకునేది. ఒకరోజు నేను బోర్డు మీద వారం తప్పు రాశాను. ఆ పాప లేచి నిలబడి 'టీచర్, టుడే ఈజ్ థర్స్‌డే' అంది. క్లాసంతా తిరిగి చూసింది. నేను ఇంకో ఏడాది ఉండిపోవడానికి ఆ ఒక్క వాక్యమే కారణం అంటే ఇంట్లోవాళ్ళు ఎవరూ నమ్మలేదు.

ఇక అసలు సమస్య. నన్ను తీసుకున్నది ఏజెన్సీ, స్కూల్ కాదు. కాంట్రాక్టు పది నెలలకి రాస్తారు, సెలవుల్లో జీతం ఉండదు. వీసా పొడిగింపు వర్క్ పర్మిట్‌తో ముడిపడి ఉంటుంది, వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగంతో. స్కూల్ మారితే అన్నీ మళ్ళీ మొదటి నుంచి. తొంభై రోజులకోసారి ఇమిగ్రేషన్‌కి అడ్రస్ రిపోర్ట్ చేయాలి. నాది ఎడ్యుకేషన్ డిగ్రీ కాదు కాబట్టి టీచర్ లైసెన్స్ లేదు, టీచర్స్ కౌన్సిల్ ఇచ్చే రెండేళ్ళ తాత్కాలిక అనుమతి మీద నడుస్తోంది. దాన్ని ఎన్నిసార్లు పొడిగిస్తారో అని ప్రతిసారీ టెన్షన్. ఐదేళ్ళలో మూడు స్కూళ్ళు మారాను. జీతం మొదట్లో ఎంతో ఇప్పుడూ ఇంచుమించు అంతే.

మా స్టాఫ్ రూమ్‌లో యాభై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. పిల్లలకి ఆయనంటే ప్రాణం. నిరుడు మోకాలి ఆపరేషన్ అవసరమైతే టీచర్లందరం తలా కొంత వేసుకున్నాం. పద్దెనిమిదేళ్ళు ఇదే పని చేసిన మనిషి దగ్గర ఆసుపత్రి ఖర్చుకి డబ్బు లేదు. ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

పది, పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాళ్ళు, ఉండి వదిలేసినవాళ్ళు చెప్పండి. ఇది నిలబడే జీవితమేనా? దేశం మారాలా, చదువు మారాలా, లేక ఇప్పుడే వెనక్కి వెళ్ళిపోవాలా? సాఫ్ట్‌వేర్ నేర్చుకో అని మాత్రం దయచేసి చెప్పకండి, అది రోజూ వింటున్నాను.

---

మూడో పీరియడ్:

తమ్ముడూ, నేను జపాన్‌లో పద్నాలుగేళ్ళుగా ఉన్నాను. నిలబడుతుంది, కానీ దానంతటది నిలబడదు. నాకు ఈ సంగతి అర్థమవడానికి ఆరేళ్ళు పట్టింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నేను ఏఎల్‌టీగా వచ్చాను, అంటే బడిలో అసలు టీచర్ పక్కన నిలబడే అసిస్టెంట్. 1987 నుంచి జపాన్ ప్రభుత్వం నడుపుతున్న జెట్ ప్రోగ్రామ్‌లో అయితే మంచి జీతమే ఉంటుంది, కానీ గరిష్ఠంగా ఐదేళ్ళే. నాకు అందులో రాలేదు, ఒక డిస్పాచ్ కంపెనీ, అంటే బడులకి అసిస్టెంట్లని పంపే ఏజెన్సీ, తీసుకుంది. పన్నెండేళ్ళు ఇంగ్లిష్ మీడియంలోనే చదివానని స్కూల్ నుంచి, కాలేజీ నుంచి లెటర్లు తెప్పించి పెడితే గానీ వీసా రాలేదు. పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడే దేశాల వాళ్ళని ఈ లెటర్లు అడగరు, మనల్ని అడుగుతారు. కాంట్రాక్టులో వారానికి 29.5 గంటలు అని రాసి ఉంటే అదేదో వాళ్ళ లెక్క అనుకున్నాను. ఆ అరగంట ఎందుకు తగ్గించారో తర్వాత తెలిసింది. అప్పట్లో వారానికి ముప్పై గంటల కంటే తక్కువ చూపిస్తే ఉద్యోగుల పెన్షన్లో, హెల్త్ ఇన్సూరెన్స్‌లో నన్ను చేర్చి కంపెనీ తన వాటా కట్టే పని తప్పేది. అప్పుడు మనమే మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళి నేషనల్ పెన్షన్ కట్టుకోవాలి. నేను కట్టలేదు. ఎవరూ అడగలేదు కూడా. గులాబీ రంగు కవర్లు పోస్టులో వస్తే చదవడం రాక డ్రాయర్‌లో పడేసేవాడిని.

పర్మనెంట్ రెసిడెన్సీ గురించి ఆలోచించినప్పుడు ఆ డ్రాయర్ తెరవాల్సి వచ్చింది. మామూలుగా పదేళ్ళ నివాసం, అందులో ఐదేళ్ళు వర్క్ వీసా మీద ఉండాలి, ఇది అందరికీ తెలిసిందే. చాలామందికి తెలియనిది ఏమిటంటే పన్ను, పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్ కట్టామా లేదా అని మాత్రమే కాదు, గడువులోపు కట్టామా అని రసీదులు చూస్తారు. పాత బాకీ కూడా రెండేళ్ళ వెనక్కి మాత్రమే కట్టనిస్తారు. ముందువి పోయినట్టే. అప్పటి నుంచి ప్రతి రసీదూ ఒక ఫైల్లో తేదీల వారీగా పెట్టాను. పెన్షన్ రావాలంటే ఒకప్పుడు పాతికేళ్ళు కట్టాల్సి ఉండేది, 2017 ఆగస్టు నుంచి పదేళ్ళకి తగ్గించారు. ఆ మార్పు లేకపోతే నా వయసుకి దాని మీద ఆశే ఉండేది కాదు.

రెండోది భాష. మొదటి మూడేళ్ళు నాకు జపనీస్ రాదు, బడిలో ఎవరూ రావాలని కూడా అనుకోలేదు. పొద్దున్నే స్టాఫ్ రూమ్‌లో మీటింగ్ జరుగుతుంటే అందరూ నోట్ చేసుకునేవారు, నేను ముఖం మీద చిరునవ్వు పెట్టుకుని కూర్చునేవాడిని. ఏ పిల్లవాడికి జ్వరం, ఏ క్లాసు రద్దు, ఏ ఇంట్లో గొడవ, ఏదీ తెలిసేది కాదు. పట్టుబట్టి జపనీస్ పరీక్షలో ఎన్2 దాకా, అంటే పైనుంచి రెండో స్థాయి దాకా, చదివాను. 2020 ఏప్రిల్లో ఐదు, ఆరు తరగతులకి ఇంగ్లిష్ మార్కులు వేసే సబ్జెక్టు అయింది. క్లాస్ టీచర్లు చాలామంది భయపడ్డారు, వాళ్ళు ఇంగ్లిష్ చెప్పడానికి ట్రైనింగ్ తీసుకున్నవాళ్ళు కాదు. వాళ్ళ పక్కన కూర్చుని జపనీస్‌లోనే లెసన్ ప్లాన్ రాయగలిగిన అసిస్టెంట్‌గా అప్పటికి నేను తయారై ఉన్నాను. మర్యాద అక్కడ మొదలైంది.

తర్వాత డిస్టెన్స్‌లో అప్లైడ్ లింగ్విస్టిక్స్‌లో మాస్టర్స్ చేసి యూనివర్సిటీల్లో పార్ట్‌టైమ్ క్లాసులు పట్టుకున్నాను. అక్కడ లెక్క 'కోమా', అంటే తొంభై నిమిషాల ఒక్కో క్లాసుకి ఇంత అని. ఇక్కడ కూడా ఒక గొయ్యి ఉంది చూసుకో. 2013 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఒకే యజమాని దగ్గర తాత్కాలిక కాంట్రాక్టులు ఐదేళ్ళు దాటితే పర్మనెంట్ కాంట్రాక్టు అడిగే హక్కు వస్తుంది. ఆ హక్కు రాకుండా ఐదో ఏడాదికే పంపించేసే చోట్లు బోలెడు. చేరేముందు రెన్యువల్ గరిష్ఠంగా ఎన్నేళ్ళు అని అడుగు. నీళ్ళు నమిలితే ఇంకోచోటు చూసుకో.

నువ్వు దేశం మారాలా అని అడిగావు. అంతకంటే ముందు ఈ ఐదేళ్ళలో నీ పేరున ఏం పోగైందో ఒక కాగితం మీద రాసుకో. జీతం లెక్క వద్దు. పెన్షన్ నెలలు ఎన్ని, భాష ఎంత, ఏ దేశంలోనైనా చెల్లే సర్టిఫికెట్ ఏది, నీ యజమానితో సంబంధం లేకుండా ఉండగలిగే హక్కు ఎంత దూరంలో ఉంది. ఇవి ఖాళీగా ఉంటే ఇంకో పదేళ్ళు చేసినా మళ్ళీ మొదటి ఏడాదిలోనే ఉంటావు. మీ స్టాఫ్ రూమ్ పెద్దాయన గురించి చదివి నాకు బాధేసింది. ఆయన పనిలో తప్పు చేయలేదు, ఇవేవీ ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు.

---

నీలి ఫైలు:

పై అన్నయ్య చెప్పిన దాంట్లో భాష సంగతి గల్ఫ్‌కి అంతగా వర్తించదు, మిగతాదంతా నిజం. నేను యూఏఈలో పదకొండేళ్ళుగా ఉన్నాను, ఇంటర్నేషనల్ స్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. సుద్దముక్క గారూ, మీరు ఐదేళ్ళుగా చేస్తున్న పనీ నేను చేస్తున్న పనీ క్లాసులో ఒకటే, కాగితం మీద మాత్రం వేరు. నా దగ్గర బీఎడ్ ఉంది. ఆ ఒక్క కాగితం వల్ల స్కూల్ నన్ను నేరుగా తీసుకుంది, రెండేళ్ళ కాంట్రాక్టు, సెలవుల్లో కూడా జీతం, ఏడాదికి ఒకసారి టికెట్, పిల్లలకి ఫీజులో తగ్గింపు. ముప్పై రెండు పెద్ద వయసేమీ కాదు, మా స్కూల్లో నలభైకి చదివి వచ్చినవాళ్ళు ఉన్నారు.

చదివే ముందు ఒకటి గట్టిగా చెబుతాను. పీజీసీఈ అంటే డిగ్రీ తర్వాత చేసే బ్రిటిష్ టీచర్ ట్రైనింగ్ కోర్సు, కానీ ఆ పేరున్న ప్రతిదీ ఒకటి కాదు. క్యూటీఎస్‌తో వచ్చేది ఒకటి, అది లేకుండా వచ్చే పీజీసీఈఐ ఇంకొకటి. క్యూటీఎస్ అంటే ఇంగ్లండ్‌లో టీచర్‌గా గుర్తింపు. నాతో పనిచేసిన ఒకమ్మాయి పీజీసీఈఐ చేసి క్యూటీఎస్ వచ్చేసిందనుకుంది, ఇంటర్వ్యూలో అడిగేదాకా తెలియలేదు, ఆ రోజు బాత్రూమ్‌లో ఏడ్చింది. విదేశాల్లో ఉంటూనే చేసుకునేలా ఐక్యూటీఎస్ అని 2022లో మొదలుపెట్టారు. ఏది చేసినా, మీరు చూస్తున్న దేశంలో దేన్ని ఒప్పుకుంటారో ముందు కనుక్కుని తర్వాత ఫీజు కట్టండి.

అటెస్టేషన్ గురించి కూడా. ఒక దేశం వేసిన ఒక్క స్టాంపుని మిగతా దేశాలు ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో యూఏఈ లేదు. కాబట్టి డిగ్రీ మీద మన విదేశాంగ శాఖ స్టాంపు, తర్వాత ఎంబసీ, ఆ తర్వాత అక్కడి విదేశాంగ శాఖ. వెళ్ళేముందే చేయించుకోవాలి, అక్కడికి వెళ్ళాక కొరియర్లో ఒరిజినల్ డిగ్రీ పంపి నెలల తరబడి ఎదురుచూడటం నరకం.

ఇక జీతం స్లిప్. ఇక్కడ ప్రైవేటు ఉద్యోగంలో మనలాంటివాళ్ళకి నెల నెలా వచ్చే పెన్షన్ అంటూ ఉండదు, వెళ్ళేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. మొదటి ఐదేళ్ళకి ఏడాదికి ఇరవై ఒక్క రోజుల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ ముప్పై రోజుల జీతం. అయితే అది బేసిక్ మీద లెక్క. మొదటి కాంట్రాక్టులో నాకు మొత్తం జీతం బాగానే ఉంది, అందులో బేసిక్ సగం కంటే తక్కువ, మిగతాదంతా హౌసింగ్ అని, ట్రాన్స్‌పోర్ట్ అని విడగొట్టారు. నేను మొత్తమే చూసి సంతకం పెట్టాను. రెండోసారి బేసిక్ పెంచమని అడిగాను, మొత్తం పెంచలేమన్నవాళ్ళు దానికి ఒప్పుకున్నారు. ఆ ఒక్క గీత మార్చినందుకు పదేళ్ళ తర్వాత చేతికొచ్చే మొత్తం చాలా మారుతుంది.

నాలాంటి వర్క్ వీసాకి ఇక్కడ శాశ్వతం అనేది లేదు, ఉద్యోగం పోతే వీసా పోతుంది, అది తెలిసే ఉంటున్నాను. అందుకే వృద్ధాప్యానికి ఇక్కడి మీద ఆధారపడకుండా జీతంలో మూడో వంతు మొదటి తేదీనే పక్కకి తీస్తాను. ఇంకో మాట దాచడం ఇష్టం లేదు. ఒకే క్లాసు, ఒకే అనుభవం, పాస్‌పోర్ట్ వేరు కాబట్టి జీతం వేరు, ఇది నా కళ్ళతో చూశాను. పదకొండేళ్ళయినా నాకు అలవాటు కాలేదు, అలవాటు కాకూడదనే అనుకుంటాను. ప్రతి రెన్యువల్‌లోనూ అడుగుతాను.

---

శనివారం:

నేను వెనక్కి వచ్చేసినవాడిని. తొమ్మిదేళ్ళు బయట ఉన్నాను, చివరి నాలుగేళ్ళు చైనాలో. అక్కడ మామూలుగా ఇంగ్లిష్ టీచర్లకి అమెరికా, బ్రిటన్ లాంటి, పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడే ఏడు దేశాల పాస్‌పోర్టులు అడుగుతారు. నేను బ్రిటన్‌లో మాస్టర్స్ చేయడం వల్ల మా నగరంలో వర్క్ పర్మిట్ ఇచ్చారు. పిల్లల ట్రైనింగ్ సెంటర్, మంచి జీతం, సొంత క్లాసు. 2021 జూలై 24, శనివారం, క్లాసు మధ్యలో తల్లిదండ్రుల ఫోన్లు వరుసగా మోగడం మొదలైంది. బడి పిల్లలకి స్కూలు సబ్జెక్టుల్లో లాభం కోసం ట్యూషన్ నడపకూడదని, వారాంతాల్లో, సెలవుల్లో అసలే పెట్టకూడదని ప్రభుత్వం ప్రకటించింది. ఇంగ్లిష్ కూడా అందులోదే. పిల్లలకి బరువు తగ్గించాలన్నది దాని ఉద్దేశం, ఆ ఉద్దేశంతో నాకు పేచీ లేదు. మా సెంటర్ రెండు నెలల్లో మూతపడింది, రెండు నెలల జీతం రాలేదు.

జీతం కంటే ఎక్కువగా నష్టపోయింది ఇంకొకటి. అనుభవం లెటర్ తీసుకోలేదు. తర్వాత అడుగుదామంటే ఆఫీసుకి తాళం, హెచ్ఆర్ నంబర్ పనిచేయదు. తొమ్మిదేళ్ళు పాఠం చెప్పి, రుజువు ఐదేళ్ళకే ఉంది. ఏ స్కూలు వదిలినా, ఆఖరి రోజుకి ముందే లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీ, వదిలిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, ఏ వయసు పిల్లలు, సంతకం, స్టాంపు. మంచిగా ఉన్నప్పుడే అడగండి.

ఇప్పుడు ఇక్కడ టీచర్లకి ట్రైనింగ్ ఇస్తున్నాను, పని బాగుంది. వెనక్కి వెళ్ళడం మీకు ఒక దారిగా ఉండాలి, తరిమేస్తే వెళ్ళాల్సినది కాకూడదు. నాకు రెండోది జరిగింది. నాన్నకి ఆరోగ్యం బాగోక నేను వెళ్ళాల్సి ఉండగా, వెళ్ళాలా వద్దా అని నేను తేల్చుకునేలోపే ఉద్యోగం పోయింది. మీ అమ్మానాన్నల వయసు కూడా ఆ లెక్కలో వేసుకోండి, ఎవరూ పైన అది రాయలేదు.

---

లెసన్ ప్లాన్:

చిన్న మాట. బీఎడ్‌కి రెండేళ్ళు అంటే ఇప్పుడే కుదరకపోతే సెల్టా చేయండి, ఇంగ్లిష్ నేర్పడానికి కేంబ్రిడ్జ్ ఇచ్చే సర్టిఫికెట్ అది. ఆన్‌లైన్‌లో అమ్మే నూట ఇరవై గంటల టెఫెల్ (ఇంగ్లిష్‌ని విదేశీ భాషగా నేర్పే) సర్టిఫికెట్లలో చాలావాటికి నిజమైన క్లాసే ఉండదు. సెల్టాకి కూడా నూట ఇరవై గంటలే, కానీ అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకి చెప్పాలి, వెనక ట్యూటర్ కూర్చుని రాసుకుంటూ ఉంటారు. నేను వియత్నాంలో నాలుగేళ్ళు చెప్పాక వెళ్ళాను, నాకేం నేర్పుతారులే అనుకుని. మొదటి పాఠం 'యూజ్డ్ టు'. బోర్డు నిండా రాసి, బాగా వివరించి, 'డు యూ అండర్‌స్టాండ్' అన్నాను, అందరూ యెస్ అన్నారు. ట్యూటర్ తర్వాత ఒక్కటే అడిగారు, వాళ్ళకి అర్థమైందని నీకెలా తెలుసు అని. 'ఐ యూజ్డ్ టు స్మోక్' అని చెప్పి, మరి ఇప్పుడు తాగుతున్నాడా, ఒక్కసారే తాగాడా, చాలాసార్లా అని అడిగి ఉంటే సగం మంది తప్పు చెప్పేవాళ్ళు, అప్పుడు కదా నాకు తెలిసేది. నాలుగేళ్ళు నేను యెస్‌లు వింటూ గడిపాను. జీతం పెరిగిందా అంటే కొంచెం. క్లాసు మాత్రం పూర్తిగా మారిపోయింది. అయితే ఇది టీచర్ లైసెన్స్‌కి బదులు కాదు, ఇంటర్నేషనల్ స్కూల్ కావాలంటే నీలి ఫైలు గారి దారే.

---

సుద్దముక్క:

అన్నా, అక్కా, అందరికీ దండం. మూడు రోజుల నుంచి ఇదే చదువుతున్నాను. మూడో పీరియడ్ అన్న చెప్పినట్టు కాగితం మీద రాశాను. ఇక్కడ జీతంలో ఐదు శాతం, ఒక పరిమితి దాకా, సోషల్ సెక్యూరిటీకి కోస్తారు. నెల నెలా పెన్షన్ రావాలంటే నూట ఎనభై నెలలు కట్టి ఉండాలి, అంతకంటే తక్కువైతే ఒకేసారి ఇచ్చే మొత్తమే, అదీ యాభై ఐదు నిండాక. నాకు అరవై నెలలు ఉంటాయనుకుని ఆఫీసుకి వెళ్ళి అడిగితే ముప్పై ఎనిమిది అన్నారు. సెలవు నెలలు లేవు, మొదటి స్కూల్ అసలు చేర్చనే లేదు. పర్మనెంట్ రెసిడెన్సీకి ఆగకుండా మూడేళ్ళ వర్క్ వీసా పొడిగింపులు కావాలట, స్కూల్ మారినప్పుడల్లా నాది తెగిపోయింది. పైగా ఒక్కో దేశం వాళ్ళకి ఏడాదికి వందే ఇస్తారు. భాష గడిలో 'మాట్లాడతాను, చదవలేను' అని రాశాను. సర్టిఫికెట్ గడి ఖాళీ.

నీలి ఫైలు అక్కా, బీఎడ్ విషయంలో ఇంట్లోవాళ్ళతో మాట్లాడాను. ఈ కాంట్రాక్టు మార్చికి అయిపోతుంది, దాని తర్వాత రెండేళ్ళు చదువుకే అనుకుంటున్నాను. ఈలోపు థాయ్ చదవడం నేర్చుకోవడానికి వారానికి మూడు రోజులు ఒక టీచరమ్మ దగ్గరికి వెళ్తున్నాను, నాకు చెప్పేది మా స్కూల్ ఒకటో తరగతి టీచర్, పుస్తకం కూడా ఒకటో తరగతిదే.

శనివారం గారూ, మొదటి రెండు స్కూళ్ళకీ లెటర్ కోసం రాశాను. ఒకళ్ళు శుక్రవారం వచ్చి తీసుకోమన్నారు. రెండోవాళ్ళు, నువ్వు మా ఉద్యోగివి కాదు, ఏజెన్సీని అడుగు అన్నారు. ఏజెన్సీ లెటర్ మీద స్కూల్ పేరు, నేను చెప్పిన తరగతులు రాయించుకుంటే సరిపోతుందా, లేక ప్రిన్సిపాల్ సంతకం కూడా ఉండాలంటారా?

---

శనివారం:

రెండూ తీసుకోండి. ఏజెన్సీ లెటర్ తేదీలకి, ప్రిన్సిపాల్‌ది మీరు నిజంగా క్లాసు చెప్పినందుకు. మీరే ఒక పేజీ టైప్ చేసి పట్టుకెళ్ళండి, చదివి సంతకం పెట్టడానికైతే చాలామంది ఒప్పుకుంటారు. ఇంకా ఆలస్యం చేయకండి, ప్రిన్సిపాల్స్ కూడా మారిపోతుంటారు.